మధ్యలో ఆగినవాళ్లు ఓడినట్టా?

ఐఐటీ ప్రొఫెసర్ చెప్పే పాఠాన్ని పల్లెటూళ్లో అరుగు మీద కూర్చుని పైసా ఖర్చు లేకుండా వినే వీలు మన పిల్లలకు ఎప్పుడో వచ్చింది. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమాన్ని 2003లో మొదలుపెట్టాయి. 2017 జూలైలో ‘స్వయం’ వేదిక వచ్చింది. పాఠాలున్నాయి, చేతిలో ఫోనుంది, చేరేవాళ్లూ లక్షల్లో ఉన్నారు. అయినా చివరిదాకా నిలిచేది కొద్దిమందే. నిలిచినవాళ్లను నిలిపిందేమిటి? వెళ్లిపోయినవాళ్లు ఏం పట్టుకెళ్లారు? ఈ ప్రశ్నల మీద గుంటూరు జిల్లాలో ఒకే ఇంటికి చెందిన ఇద్దరికి అసలు పొత్తు కుదరదు. బాబాయి పాలిటెక్నిక్‌లో సివిల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. అన్నగారమ్మాయి ఇంజనీరింగ్ కాలేజీలో అధ్యాపకురాలు. ఆన్‌లైన్ కోర్సుల బాధ్యత చూసేది ఆవిడే. వాళ్ల వాదన ఇది.

బాబాయి: ఈ సెమిస్టర్‌లో మీ కాలేజీ నుంచి ఇంతమంది రిజిస్టరయ్యారని గోడమీద బ్యానర్ కట్టారు. సంతోషమే. కానీ అమ్మాయ్, వాళ్లలో ఆ సబ్జెక్టు నిజంగా కావాలనుకున్నవాళ్లు ఎందరు?

అమ్మాయి: కావాలా వద్దా అని మొదటిరోజే అడిగితే ఏ సబ్జెక్టుకూ ఎవరూ చెయ్యెత్తరు బాబాయ్. వాళ్లకు క్రెడిట్లు కావాలి. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 20 శాతం వరకే స్వయం ద్వారా చదవొచ్చన్న నిబంధనను యూజీసీ 2021లో 40 శాతానికి పెంచింది. పన్నెండు వారాల కోర్సు పూర్తిచేస్తే మూడు క్రెడిట్లు. అది రెజ్యూమెలో కూడా కనపడుతుంది. చేరడానికి అంతకంటే మంచి కారణం ఇంకేం కావాలి?

బాబాయి: చేరడానికి చాలు. చదవడానికి చాలదు. మన పెద్దోడి కొడుకు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు చూశాను. బుధవారం రాత్రి పదకొండున్నరయింది. అర్ధరాత్రికి అసైన్‌మెంట్ గడువు. ఫోన్‌లో ఏదో గ్రూపు తెరిచాడు. అందులో పెన్సిల్‌తో రాసిన కాగితం ఫొటో ఒకటి: ‘ఒకటి బి, రెండు సి, మూడు ఎ, నాలుగు డి...’ వరసగా నొక్కుకుంటూ పోయాడు, సబ్మిట్ కొట్టాడు, ఫోన్ పక్కన పెట్టి పడుకున్నాడు. ఆ వారం పాఠాలు రెండున్నర గంటలు. ఒక్క వీడియో కూడా తెరవలేదు. నాలుగో ప్రశ్నలో ఏమడిగారురా అంటే చెప్పలేకపోయాడు.

అమ్మాయి: ఆ గ్రూపుల సంగతి నాకూ తెలుసు. అందుకేగా అసైన్‌మెంట్లన్నీ కలిపినా 25 మార్కులే పెట్టింది? మిగతా 75 సెంటర్‌కు వెళ్లి, అక్కడ మనుషుల కళ్లెదుట రాయాలి. అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా తెచ్చుకోకపోతే సర్టిఫికెట్ రాదు. ఎక్కించినవాడు అక్కడ దొరికిపోతాడు.

బాబాయి: దొరకడం, దొరక్కపోవడం గురించి కాదు నా బాధ. వాడిని నేను తప్పుపట్టడం లేదు. కావలసింది సర్టిఫికెట్ అని మనమే చెప్పాం. దానికున్న దగ్గరి దారి వాడు వెతుక్కున్నాడు. కోర్సులో విలువైనది చివరి కాగితమే అని ఒకసారి ఒప్పుకున్నాక, మధ్యలో ఉన్న పాఠాలన్నీ దాటాల్సిన అడ్డంకులే అవుతాయి. ఎవడైనా అడ్డంకిని ప్రేమించి నేర్చుకుంటాడా?

అమ్మాయి: అంటే సర్టిఫికెట్ తీసేస్తే పిల్లలు పాఠాన్ని ప్రేమిస్తారంటారా?

బాబాయి: ఉన్న ప్రేమను అది చంపుతుందంటాను. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు సైకాలజిస్టులు ఒక పరీక్ష చేశారు. స్టాన్‌ఫర్డ్‌లోని నర్సరీ బడిలో బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న పసిపిల్లలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు, బొమ్మ వేస్తే బంగారు ముద్రా రిబ్బనూ ఉన్న పత్రం ఇస్తామని ముందే చెప్పారు. రెండో గుంపుకు ముందేమీ చెప్పకుండా వేశాక ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. వారం రెండు వారాలు పోయాక అవే రంగు పెన్నులు బల్లమీద పెట్టి, ఎవరికెంత ఇష్టమైతే అంతసేపు ఆడుకోమన్నారు. పత్రం ఆశ చూపిన పిల్లలు మిగతావాళ్లు వేసినదాంట్లో సుమారు సగం సేపే బొమ్మలు వేశారు. చూశావా? వాళ్లకిచ్చింది కూడా సర్టిఫికెట్టే.

అమ్మాయి: ఆ ప్రయోగం నేనూ పాఠంగా చెబుతాను. అందులో మీరు త్వరగా దాటేసిన మాట ఒకటుంది: ఆ పిల్లలకు బొమ్మలంటే అప్పటికే ఇష్టం. ఉన్న ఇష్టమే తగ్గింది. మా సెకండియర్‌లో కూర్చున్న అరవైమందిలో స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ మీద ముందునుంచీ ఇష్టమున్నవాళ్లెవరు బాబాయ్? లేని ఇష్టాన్ని సర్టిఫికెట్ ఎలా చంపుతుంది? పైగా ముందు చెప్పకుండా పత్రం ఇచ్చిన గుంపులో ఇష్టం తగ్గలేదు. కాగితంలో విషం లేదు. దాన్ని ఎలా చూపిస్తామన్నదే తేడా.

బాబాయి: మీరు దాన్ని ఎలా చూపిస్తున్నారు? బ్యానర్ మీద.

అమ్మాయి: సరే, బ్యానర్ పక్కన పెట్టండి. ఒక అమ్మాయి గురించి చెబుతాను, వినండి. పల్నాడు వైపు పల్లె. పదోతరగతి దాకా తెలుగు మీడియం. క్రెడిట్ల కోసమే చేరింది. మొదటి వారం ప్రొఫెసర్ ఇంగ్లిష్ అందక ఏడుపొచ్చిందని నా దగ్గరికొచ్చింది. వేగం ముప్పావుకు తగ్గించి వినమన్నాను. ఒక నోటుబుక్ పెట్టింది. ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు తనకర్థమైన తెలుగు. ‘షియర్ ఫోర్స్’కు ఎదురుగా ‘కత్తెర కోసినట్టు పక్కపక్కన పనిచేసే బలం’ అని రాసుకుంది. ‘బెండింగ్ మొమెంట్’ దగ్గర మాట దొరక్క, రెండు చివర్లా ఆనించిన దూలం మధ్యలో బరువు పెట్టినట్టు బొమ్మ వేసింది. నాలుగో వారం ఇంటికెళ్లినప్పుడు వాళ్ల పశువుల కొట్టం దూలం మధ్యలో ఎందుకు కుంగిందో వాళ్ల నాన్నకు చెప్పిందట. అక్కణ్నుంచి ఆ పిల్లను నేను తోయాల్సిన పనిలేకపోయింది. ఆ కోర్సు పాసయింది. తర్వాతి సెమిస్టర్‌లో ఫీజు కట్టకుండా, పరీక్ష రాసే ఉద్దేశం లేకుండా ఇంకో కోర్సు తనే తెరిచింది.

బాబాయి: నా మాటే చెప్పావు కదే! ఆ పిల్లను నిలబెట్టింది కొట్టం దూలం. సర్టిఫికెట్ కాదు.

అమ్మాయి: నాలుగో వారం దాకా నిలబెట్టిందేమిటి మరి? అసలు కష్టమంతా ఆ మొదటి మూడు వారాల్లోనే ఉంది. ఇంకో సంగతి. ఆ అమ్మాయి రాత్రిపూట ఫోన్ పట్టుకుంటే ఇంట్లో ఏమడుగుతారు? ‘ఇంతసేపు ఫోన్‌లో ఏం చూస్తున్నావ్?’ అనేగా? ‘పరీక్ష ఉంది, సర్టిఫికెట్ వస్తుంది’ అంటే ఊరుకుంటారు. ‘నాకిది తెలుసుకోవాలనుంది’ అంటే ఊరుకునే ఇళ్లు మన వైపు ఎన్ని ఉన్నాయి? మీలాంటివాళ్లకు పెన్షన్ వస్తుంది, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఆసక్తితో చదువుకోవడానికి ఆడపిల్లకు ముందు అనుమతి కావాలి. ఆ అనుమతి సర్టిఫికెట్ పేరుతో దొరుకుతోంది. అందుకే నాకు అది చిన్న విషయంగా కనపడదు.

బాబాయి: ఈ మాట నేనెప్పుడూ ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ నీ లెక్కలోకి ఎన్నడూ రాని మనిషిని నేనూ ఒకణ్ని చూపిస్తాను. మన నరసరావుపేట దారిలో ఇళ్లు కట్టించే సూపర్‌వైజర్. డిప్లొమా సగంలో మానేశాడు. అక్కడిది నల్లరేగడి కదా, వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది, ఆ కదలికకు గోడలు పగులుతాయి. ఓ ఇంటాయన అండర్ రీమ్డ్ పైల్స్ వేయమన్నాడట. ఇతనికి పేరే తెలుసు. నా దగ్గరికొస్తే ఫౌండేషన్ల కోర్సు తెరిచి చూపించాను. దానికి సంబంధించిన రెండు పాఠాలే విన్నాడు. పైల్‌ను తేమ మారని లోతుదాకా, మూడు మూడున్నర మీటర్లు దింపి, కింద ఉల్లిగడ్డలా వెడల్పు చేస్తారు. పైన మట్టి ఎంత ఉబ్బినా ఆ గడ్డ కింద పట్టుకుని ఉంటుంది. అది వీడియో ఆపి ఆపి చూశాడు. సిమెంటు బస్తా కాగితం వెనక బొమ్మ వేసుకున్నాడు. వెళ్లిపోయాడు. మళ్లీ తెరవలేదు. మీ లెక్కలో అతను ఎవరు? మధ్యలో మానేసినవాడు. నా లెక్కలో ఆ కోర్సు నుంచి అందరికంటే ఎక్కువ ప్రయోజనం పొందినవాడు.

అమ్మాయి: అలాంటివాళ్లు ఎందరుంటారు బాబాయ్? ఒకరో ఇద్దరో.

బాబాయి: ఒకరూ ఇద్దరూ కాదు. హార్వర్డ్, ఎంఐటీ కలిసి పెట్టిన ఎడ్‌ఎక్స్ మొదటి సంవత్సరం లెక్కలు 2014లో బయటికొచ్చాయి. 17 కోర్సులు, 8,41,687 రిజిస్ట్రేషన్లు. సర్టిఫికెట్లు వచ్చింది 43,196. ఆ పక్కనే ఇంకో అంకె ఉంది: సగమో అంతకంటే ఎక్కువో చదివి, సర్టిఫికెట్ తీసుకోనివి 35,937. గెలిచినవాళ్లకు దాదాపు సరితూగేటంత గుంపు! వాళ్లు ఓడిపోయారని ఎవరనగలరు? కావలసినంత చదివారు, లేచి వెళ్లారు. లైబ్రరీలో పుస్తకం చివరి పేజీదాకా చదవకుండా తిరిగిచ్చినవాణ్ని ఎవరైనా ఫెయిలైనవాడంటారా?

అమ్మాయి: అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. 2,92,852 రిజిస్ట్రేషన్లలో ఒక్క పాఠం కూడా తెరవలేదు. మూడోవంతుకు పైగా. వాళ్లు మీ సూపర్‌వైజర్ కాదు కదా. చేరడం ఉచితం కాబట్టి ఒక క్లిక్ చేశారు, మర్చిపోయారు. తర్వాతి ఏళ్లలోనూ ఇదే. 2019లో రైష్, రూయిపెరెజ్-వాలియెంతె ఆ రెండు సంస్థల కోర్సులను ఆరేళ్లపాటు లెక్కగట్టి ‘సైన్స్’ పత్రికలో రాశారు. 2017-18లో మొత్తం చేరినవాళ్లలో పూర్తిచేసింది 3 శాతం చిల్లర. డబ్బు కట్టి సర్టిఫికెట్ దారిలో చేరినవాళ్లలో 46 శాతం. మూడుకీ నలభైయారుకీ ఎంత తేడానో చూడండి! ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం, పరీక్షకు 1,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు రాయితీ ఉంది. ఆ కొంచెం డబ్బు కట్టగానే పాఠానికి ఇంట్లో ఓ స్థానం వస్తుంది.

బాబాయి: అక్కడే నీ తర్కం జారింది తల్లీ. డబ్బు కట్టడం వల్ల పూర్తిచేశారా, పూర్తిచేద్దామని నిశ్చయించుకున్నవాళ్లే డబ్బు కట్టారా? ఆ నలభైయారు శాతం మందిలో పట్టుదల డబ్బు కట్టకముందే ఉంది. రేపు అందరిచేతా 1,000 రూపాయలు కట్టించినంత మాత్రాన అందరికీ ఆ పట్టుదల రాదు. కూలికెళ్లే ఇంట్లో ఆ డబ్బు పోయిందన్న బాధొకటి అదనంగా వస్తుంది.

అమ్మాయి: ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఏది ముందో ఆ అంకె చెప్పదు, నిజమే. కానీ మీ దారి ఎవరికి పనికొస్తోందో అది కూడా చూడాలి. 2013లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు తమ కోర్‌సెరా కోర్సుల్లో చేరినవాళ్లను అడిగితే 80 శాతానికి పైగా మందికి అప్పటికే డిగ్రీ ఉంది. తలుపులు అందరికీ తెరిచామన్నారు, లోపలికొచ్చింది ఎక్కువగా చదువుకున్నవాళ్లు. ఏది కావాలో తెలిసి, కావలసినంత చదివి, లేచి వెళ్లే స్వేచ్ఛ ఉంది చూశారూ, అది చదవడం ముందే వచ్చినవాళ్లకు ఉండే స్వేచ్ఛ. మీ సూపర్‌వైజర్‌కు కూడా ఏ పాఠం వినాలో మీరు చూపించారు. మా పల్నాడు పిల్లకు ఏది కావాలో తెలియాలంటేనే మూడు వారాలు లోపల కూర్చోవాలి. కూర్చోబెట్టేది సర్టిఫికెట్.

బాబాయి: కూర్చోబెట్టేది సర్టిఫికెట్ అంటున్నావు. నేను చూసింది వేరు. సర్టిఫికెట్ కూర్చోబెట్టకుండానే మార్కులిప్పిస్తోంది. మా వాడి బుధవారం రాత్రి సంగతి మర్చిపోయావా? ఒకే క్రెడిట్ కోసం చేరిన ఇద్దరిలో మీ పిల్ల కూర్చుంది, మా వాడు కూర్చోలేదు. తేడా ఎక్కడుంది?

అమ్మాయి: ఉంది, చెబుతాను. జాక్వెలిన్ ఎకల్స్ అని అమెరికన్ సైకాలజిస్టు. విద్యార్థి ఒక పనికిచ్చే విలువను ఆవిడ నాలుగు ముక్కలుగా చూసింది. ఆ పని ఆనందంగా ఉందా. ఇది వస్తే నేను ఫలానా మనిషినని నాకనిపిస్తుందా. రేపు ఎక్కడైనా అక్కరకొస్తుందా. ఇందుకోసం నేనేం వదులుకోవాలి. వీటితోపాటు ‘నేను చేయగలనా’ అన్న నమ్మకం. మీరు మొదటిదాని గురించే మాట్లాడుతున్నారు, నేను మూడోదాని గురించి. పిల్లలు నిజంగా ఓడిపోతున్నది నాలుగోదాని దగ్గర. వారానికి రెండున్నర గంటల వీడియో, తెలియని ఇంగ్లిష్, హాస్టల్లో అందని సిగ్నల్, పక్కన ఆరు థియరీ సబ్జెక్టులు, రెండు ల్యాబులు. వెల అంత ఎక్కువైనప్పుడు గ్రూపులో జవాబులు దొరికితే ఎవరైనా నొక్కేస్తారు. పల్నాడు పిల్ల నిలబడింది ఎందుకంటే, ఏడుపొచ్చినప్పుడు వచ్చి చెప్పుకోవడానికి పక్కన ఒక మనిషి ఉంది.

బాబాయి: అదీ మాట! అంటే కోర్సుకు విలువ తెచ్చింది కోర్సు చివర దొరికే కాగితం కాదు, పక్కనున్న మనిషి.

అమ్మాయి: ఆ మనిషి నా ఉద్యోగంలో భాగంగా అక్కడుంది బాబాయ్. క్రెడిట్ లేకపోతే కాలేజీ నాకు ఆ బాధ్యత ఇచ్చేదే కాదు.

బాబాయి: సరే. ఇద్దరం ఒప్పుకునేదాని మీద నిలబడి మాట్లాడదాం. రిజిస్ట్రేషన్ రోజున ఒక కాగితమివ్వు. ఈ కోర్సు నాకెందుకు, ఎక్కడ వాడతాను అని ప్రతివాడూ తెలుగులోనే నాలుగు లైన్లు రాయాలి. క్రెడిట్ కోసమే అయితే అదే రాయనీ. అబద్ధమాడించొద్దు.

అమ్మాయి: అలాంటివి పెద్దయెత్తున చేసి చూశారు. 2020లో వచ్చిన అధ్యయనం ఒకటుంది. 247 కోర్సులు, రెండున్నర లక్షల మంది. ఎప్పుడు చదువుతారో, ఎక్కడ చదువుతారో మొదట్లో రాయించారు. మొదటి కొన్ని వారాలు ఊపు కనపడింది. పూర్తిచేసేవాళ్ల సంఖ్య మాత్రం పెరగలేదు.

బాబాయి: రాసింది ఎవరు చదివారు? కంప్యూటర్ తీసుకుని దాచుకుంది. అంతే కదా? నువ్వు చదువు. నాలుగో వారం పిలిచి, ‘ఇలా రాశావు, ఎంతవరకొచ్చింది?’ అని అడుగు. దూలం కనపడాల్సినవాళ్లకు దూలం చూపించు. ఊపు తగ్గేచోట మనిషి నిలబడితే ఏమవుతుందో ఆ అధ్యయనం చూడలేదు.

అమ్మాయి: అది నా చేతిలో పనే. ఇంకోటి కూడా చేయొచ్చు. టైమ్‌టేబుల్లో వారానికి రెండు గంటలు దీనికే కేటాయించమని ప్రిన్సిపాల్‌ను అడుగుతాను. అసైన్‌మెంట్ బుధవారం రాత్రి హాస్టల్లో నొక్కేది కాకుండా, మంగళవారం మధ్యాహ్నం అందరూ కలిసి బోర్డు మీద చేసేది కావాలి. జవాబు ‘సి’ అయితే ‘సి’ ఎందుకో ఒకరు లేచి చెప్పాలి. ఎన్‌పీటెల్ పాఠాల్లో తెలుగు అనువాదాలున్నవాటిని ముందే దించి పెడతాను. వెల తగ్గిస్తే విలువ తెలుస్తుంది.

బాబాయి: ఆ రెండు గంటల్లో పరీక్ష రాయనివాళ్లనూ కూర్చోనిస్తావా? ఊళ్లోంచి మా సూపర్‌వైజర్ వస్తే?

అమ్మాయి: రానివ్వడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ మా నివేదికలో వాళ్లకు చోటు లేదు. రిజిస్టరయినవాళ్లు, పరీక్ష రాసినవాళ్లు, పాసయినవాళ్లు, అరవై దాటి ‘ఎలీట్’ వచ్చినవాళ్లు. ఇవే నిలువు గళ్లు.

బాబాయి: ఇంకో గడి గీయి. ‘ఏం కావాలని వచ్చారు, అది దొరికిందా?’ అని. సూపర్‌వైజర్‌కు ‘పైల్’, ‘దొరికింది’. మా వాడికి ‘క్రెడిట్’, ‘దొరికింది’. పల్నాడు పిల్లకు ‘క్రెడిట్’ అని మొదలై కింద ఇంకేదో రాసి ఉంటుంది. ఆ ఒక్క గడి నింపితే చాలు, ఎవరు ఓడారో ఎవరు గెలిచారో నీకే తెలుస్తుంది. ఇన్నాళ్లూ చేరినవాళ్లనూ మిగిలినవాళ్లనూ లెక్కపెట్టాం. దేనికొచ్చారో అడగలేదు.

అమ్మాయి: గీస్తాను. పైవాళ్లు అడగకపోయినా మా కాలేజీ వరకు గీస్తాను. కానీ ఆ గడి వచ్చిందని పరీక్షను తీసేయమంటే ఒప్పుకోను. ఇంటర్వ్యూలో కూర్చున్నవాడు మా పిల్ల నోటుబుక్ చూడడు. మార్కులు చూస్తాడు. అది మారేదాకా ఆ మార్కులు ఆ పిల్లకు ఆయుధం.

బాబాయి: పరీక్ష ఉంచు. నేను తీసేయమనను. కానీ నా అసలు ప్రశ్న అలాగే ఉంటుంది: రేపు క్రెడిట్లు ఎత్తేస్తే, మీ కాలేజీ నుంచి ఎంతమంది ఆ పాఠాలు తెరుస్తారు? ఆ సంఖ్యే మీరు పిల్లలకు నేర్పిన చదువు.

అమ్మాయి: ఆ సంఖ్య చిన్నదే అవుతుంది, నాకు తెలుసు. దాన్ని పెంచడమే నా పని. అయినా ఆ కొద్దిమంది కూడా మొదట క్రెడిట్ కోసం వచ్చినవాళ్లే అయి ఉంటారు బాబాయ్. ఎందుకొచ్చారని గుమ్మంలోనే నిలదీస్తే, వెనక్కి తిరిగి వెళ్లేది తెలుగు మీడియం పిల్లలే. ఏ కారణంతోనైనా లోపలికి రానిద్దాం. వచ్చాక నాలుగు వారాల్లోపు వాళ్ల సొంత కారణం వాళ్లకు దొరికేలా చూడటం మా అధ్యాపకుల బాధ్యత. అక్కడ మేం తప్పుకుంటే, మీరు ఇందాక అన్నదంతా నిజమైనట్టే.